చోటు మారుతున్న ఫిల్మ్ ట్రస్టుకి చందా ఇవ్వచ్చా?

ముందు సమాధానం చెప్పేస్తాను, వివరాలు తర్వాత. ఇవ్వచ్చు. ఇవ్వాలి కూడా. కాకపోతే వాళ్ల కరపత్రం పైభాగంలో పెద్ద అక్షరాలతో వేసిన కుర్చీల పథకానికి ఇవ్వకండి, అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న నెలవారీ చందాకి ఇవ్వండి. ఎందుకో చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నాను.

నేను ఈ ట్రస్టులో చాలాకాలంగా సభ్యుణ్ణి. సినిమాలు చూడ్డానికి వెళ్తాను, ఖాళీ దొరికినప్పుడు రీళ్ల గదిలో సాయం చేస్తాను, జీతం ఏమీ లేదు, కమిటీలోనూ లేను. పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇందులో మెచ్చుకున్నవీ ఉన్నాయి, తప్పుపట్టినవీ ఉన్నాయి, అవతల పనిచేసేవాళ్లంతా ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు వచ్చి కష్టపడేవాళ్లే. పైగా జనం చందాలతో నడిచే ఏ సినిమా సంస్థ చోటు మారినా దాదాపు ఇవే తిప్పలు, ఇవే ఖర్చులు. మీకు తెలిసిన సంస్థ ఇంకోటి ఉంటే దాన్నీ ఇలాగే పరిశీలించి చూసుకోండి.

అసలు వీళ్లు ఏం చేస్తారో తెలియనివాళ్ల కోసం కొంచెం. మామూలు థియేటర్లలో బొమ్మ పడే అవకాశం లేని సినిమాలు తెచ్చి వేస్తారు, టికెట్ కొనలేనివాళ్లని ఉచితంగా కూర్చోబెడతారు, ఎవరినీ ఏమీ అడగరు. పిల్లలకి షూటింగ్, ఎడిటింగ్ నేర్పిస్తారు. సభ్యులకి కెమెరాలు, మైకులు, లైట్లు వాడుకోమని ఇస్తారు. ఇవన్నీ బాగానే నడుస్తున్నాయి, క్లాసులు మాత్రం నేర్పే మనిషిని బట్టి ఒక్కోసారి అద్భుతంగా, ఒక్కోసారి సాదాసీదాగా ఉంటాయి.

నాకు మాత్రం అన్నిటికంటే విలువైనది వీళ్ల రీళ్ల గది. ఇళ్లల్లో పెట్టెల అడుగున పడి ఉన్న పాత ఫిల్మునీ, టేపుల్నీ తీసుకుని, శుభ్రం చేసి, డిజిటల్లోకి ఎక్కించి, అసలుతో సహా తిరిగి ఇస్తారు. కొడాక్ 16 ఎమ్ఎమ్ ఫిల్మ్ తెచ్చింది 1923లో, 8 ఎమ్ఎమ్ 1932లో, సూపర్ 8 వచ్చింది 1965లో. అంటే వందేళ్లుగా మామూలు మనుషులు తమ పెళ్లిళ్లనీ, పిల్లల్నీ, వీధుల్నీ తీసుకుంటూనే ఉన్నారు. వాటిలో ఎక్కువభాగం ఏ ఆర్కైవ్‌లోనూ లేవు, ఇళ్లల్లోనే ఉన్నాయి. టేపుల సంగతి ఇంకా కష్టం. వీహెచ్ఎస్ 1976లో మొదలైంది, వీసీఆర్‌లు తయారుచేస్తూ చివరిదాకా మిగిలిన ఫునాయ్ కంపెనీ కూడా 2016లో ఆపేసింది. టేపు బాగానే ఉన్నా దాన్ని ఆడించే మెషిన్ దొరకని రోజులు వచ్చేశాయి. కాబట్టి ఈ గది మూతపడితే ఆ పని ఇంకెవరో చేస్తారులే అనుకోవడానికి లేదు.

ఆ గదిలో ఒక పెద్దాయన ఉన్నారు. ఎవరైనా డబ్బా తెచ్చి ఇస్తే మూత తీసి ముందు వాసన చూస్తారు. వెనిగర్ ఘాటు తగిలిందంటే ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్మ్ పాడవడం మొదలైందని అర్థం. ఆ కుళ్లు ఒకసారి మొదలైతే దాని ఆమ్లమే దాన్ని ఇంకా వేగంగా తినేస్తుంది, వేడీ తేమా తోడైతే చెప్పక్కర్లేదు, పక్క డబ్బాలకి కూడా ఎసరు పెడుతుంది. వాసన పట్టనివాటిలో ఆమ్లం తగిలితే రంగు మారే ఒక నీలం కాగితం ముక్క వేసి మూసేస్తారు. కొన్నాళ్లకి అది ఆకుపచ్చకి తిరిగితే జాగ్రత్త పడాలి, పసుపుకి తిరిగితే వెంటనే కాపీ తీసుకోవాలి. తర్వాత నూలు తొడుగులు వేసుకుని, రెండు చక్రాల మధ్య ఫిల్ముని మెల్లగా తిప్పుతూ, అంచుల్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని పోనిస్తారు. చిరిగిన కన్నం వేలికి తగలగానే చక్రం ఆగిపోతుంది. ఆ చోట అతుకు వేసి, చీటీలో రాసుకుని, మళ్లీ తిప్పుతారు. ఇంత ఓపికగా ఈ పని చేసే చోటు బయట డబ్బు పెట్టినా సులభంగా దొరకదు. వీళ్లకి నేను మార్కులు వెయ్యాల్సి వస్తే ఈ గదికి పూర్తి మార్కులు, ఇంకో మాట లేదు.

సరే, చోటు మారడం గురించి. ఇప్పుడున్న బిల్డింగ్ లీజు అయిపోతోంది, ఓనర్లకి కొనసాగించే ఉద్దేశం లేదు. కొత్త హాలు చూసి రమ్మని సభ్యుల్ని పిలిచారు, వెళ్లి చూశాను. పెద్దది, ఎత్తు బాగుంది, లోపలికి లారీ వచ్చేంత తలుపు ఉంది. కానీ అది సినిమా కోసం కట్టింది కాదు. మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టి వినండి, టపటపమని గోడల మధ్య శబ్దం అటూ ఇటూ కొట్టుకుంటూ పోతుంది. ఎదురెదురుగా నున్నటి గోడలుంటే వచ్చే తంటా ఇది. ఈ హాల్లో ఉన్నపళంగా సినిమా వేస్తే పాటలు ఎలాగోలా వినపడతాయేమో గానీ మాటలు ఒకదానిమీద ఒకటి పడిపోతాయి, ముఖ్యంగా వయసు మళ్లినవాళ్లకి ఒక్క డైలాగూ అర్థం కాదు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు, కమిటీలో కూడా మొదట్లో అదే మాట వినిపించింది: మందపాటి కర్టెన్లు వేలాడదీస్తే సరిపోతుందని. కర్టెన్లూ, మెత్తటి పలకలూ హాలు లోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తాయి, నిజమే. పక్కవాళ్ల గదిలోకి వెళ్లే శబ్దాన్ని మాత్రం అవి పెద్దగా ఆపలేవు, దానికి బరువైన గోడ కావాలి, మధ్యలో ఖాళీ వదిలిన రెండో గోడ కావాలి, తలుపుల సందులు మూయాలి. రెండూ వేరు పనులు, రెండింటికీ వేరు ఖర్చులు, రెండోది చాలా ఎక్కువ. మేలు ఏంటంటే వీళ్లు లీజు మీద సంతకం పెట్టకముందే శబ్దం సంగతి తెలిసిన మనిషిని పిలిచి కొలతలు తీయించారు. చాలా సంస్థలు సంతకం అయ్యాక, పక్కింటివాళ్లు ఫిర్యాదు చేశాక పిలుస్తాయి.

తెర విషయంలోనూ వీళ్ల మీద నాకు గౌరవం పెరిగింది. హాలు పెద్దది కాబట్టి తెర కూడా పెద్దది పెట్టాలని అందరికీ ఉంటుంది, నాకూ ఉంది. కానీ తెర వెడల్పు 6 మీటర్ల నుంచి 8 మీటర్లకి పెంచారనుకోండి, వైశాల్యం దాదాపు 1.8 రెట్లు అవుతుంది, అదే ల్యాంపు వెలుతురు అంత మేర పరుచుకోవాలి కాబట్టి బొమ్మ సగానికి కొంచెం పైచిలుకు వెలుగుతో మిగుల్తుంది. డిజిటల్ సినిమాకి తెర మధ్యలో చదరపు మీటరుకి 48 క్యాండెలాల వెలుతురు ఉండాలని ప్రమాణం ఉంది. అందులో సగం పడితే రాత్రి సన్నివేశాల్లో మొహాలే కనపడవు. లెన్సు సంగతి సరేసరి. ప్రొజెక్టర్ దూరాన్ని తెర వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకెని బట్టి లెన్సు ఎంచుకోవాలి, 12 మీటర్ల దూరం, 6 మీటర్ల తెర అయితే 2, అదే తెరని 9 మీటర్ల నుంచి నింపాలంటే 1.5 లెన్సు కావాలి. కొత్త హాల్లో దూరం మారింది, ఉన్న లెన్సు పనికిరాదు, కొత్త లెన్సు అంటే మాటలు కాదు. ప్రొజెక్షన్ చూసే అమ్మాయి ఈ లెక్క అంతా ఒక కాగితం మీద వేసి కమిటీ ముందు పెట్టి, "అంకుల్, తెర పెద్దది పెడితే బొమ్మ చచ్చిపోతుందండీ, ప్రొజెక్షన్ గదినే కాస్త వెనక్కి జరుపుదాం" అని అడిగింది. ఒప్పుకున్నారు. తెర పాతదే, లెన్సు పాతదే, గది వెనక్కి జరిగింది. ఆ మిగిలిన డబ్బు స్పీకర్లకీ గోడలకీ వెళ్తోంది. పైకి కనపడే గొప్ప కంటే బొమ్మా మాటా ముఖ్యం అనుకునే సంస్థకి నేను నమ్మకంగా డబ్బు ఇస్తాను.

ఇక సామాను తరలింపు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు గానీ, సినిమా సంస్థని ఇల్లు మార్పించి చూడమని కూడా ఆ సామెతలో చేర్చాలి. ప్రొజెక్టర్‌లోని జీనాన్ ల్యాంపు ఆరిపోయి చల్లబడి ఉన్నా లోపల గ్యాసు ఒత్తిడి మీదే ఉంటుంది, దెబ్బ తగిలితే పేలుతుంది, కాబట్టి ప్రొజెక్టర్‌ని కదిలించే ముందే మొహానికి షీల్డ్ పెట్టుకుని దాన్ని బయటికి తీసి దాని పెట్టెలో పెట్టాలి. ఇది మామూలు ప్యాకర్ల చేతికి ఇచ్చే పని కాదు. డిజిటల్ సర్వర్‌ది ఇంకో కథ. సినిమా డీసీపీగా, అంటే డిజిటల్ ఫైళ్ల మూటగా వస్తుంది, దాన్ని తెరిచే తాళంచెవి, అంటే కేడీఎమ్, ఫలానా సర్వర్‌కి, ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకు అని విడిగా చేసి పంపిస్తారు. ప్రొజెక్టర్‌కీ అందులో సినిమా తాళం విప్పే భాగమైన మీడియా బ్లాక్‌కీ మధ్య కూడా భద్రత కోసం ఒక జోడింపు ఉంటుంది, బ్లాక్‌ని బయటికి లాగితే అది తెగుతుంది, అధికారం ఉన్న టెక్నీషియన్ మెషిన్ దగ్గరికి వచ్చి మళ్లీ కలిపేదాకా తాళం వేసిన సినిమా ఏదీ ఆడదు. తొలి ఆట రోజు సాయంత్రం హాలు నిండా జనం ఉండగా ఇది బయటపడితే ఎంత టెన్షనో ఊహించుకోండి. వీళ్లు ఆ టెక్నీషియన్‌ని ముందే మాట్లాడి పెట్టుకున్నారు, జనాన్ని పిలవకుండా పరీక్షగా కొన్ని ఆటలు వేసుకోవడానికి ఒక వారం ఖాళీ కూడా ఉంచుకున్నారు. ఆ వారానికి టికెట్ల డబ్బు రాదు, అద్దె మాత్రం కట్టాలి. అలాంటి వారాలకే చందాలు కావాలి.

ఫిల్మ్ డబ్బాలు సర్దేటప్పుడు నేనూ ఒక చెయ్యి వేశాను. డబ్బా మీద ఏం రాసి ఉందో నమ్మకుండా తెరిచి చూడాలి, లోపల వేరేది ఉండడం మామూలే. 35 ఎమ్ఎమ్ అయితే నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది, 2000 అడుగుల రీలు 22 నిమిషాలకే అయిపోతుంది, రెండు గంటల సినిమా అంటే ఆరు రీళ్లు. అందులో ఒక్కటి ఇంకో సినిమా డబ్బాలోకి వెళ్లిపోయినా మిగతా ఐదూ ఉండీ లేనట్టే. అందుకని ప్రతి డబ్బాకీ ఒక నంబరు, ప్రతి పెట్టెకీ ఒక జాబితా, ఎక్కించేటప్పుడు ఒకరు చదివితే ఇంకొకరు టిక్కు పెట్టడం. వెనిగర్ వాసన ఉన్నవి వేరే పెట్టెల్లో, వేరే ట్రిప్పులో. చల్లటి గదిలో ఉన్నవాటిని బయటికి తేగానే మూత తీయకూడదు, డబ్బా మామూలు వేడికి వచ్చేదాకా ఆగాలి, లేకపోతే ఫిల్ము మీద తేమ పట్టేస్తుంది. 1950ల కంటే ముందు నాటి 35 ఎమ్ఎమ్ ఏదైనా కనిపిస్తే పక్కన పెట్టి తెలిసినవాళ్లకి చూపించేదాకా కదపొద్దని గట్టిగా చెప్పారు, ఎందుకంటే అది ఇట్టే మండిపోయే నైట్రేట్ ఫిల్మ్ అయ్యే ప్రమాదం ఉంది, అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. పెద్దాయన ఒక్కో పెట్టె పక్కన నిలబడి, "మెల్లగా బాబూ, ఇది మళ్లీ తీసేది కాదు" అంటూ ఉన్నారు, కుర్రాళ్లు విసుక్కోకుండా విన్నారు.

సభ్యులు ఇచ్చిన కుటుంబాల రీళ్లకి స్కాన్ చేసిన ఫైళ్లు ఇప్పుడు మూడు కాపీలు ఉన్నాయి, అందులో ఒకటి వేరే చోట ఉంది. తరలింపు మొదలవకముందే ఆ మూడో కాపీ తీసి పంపేశారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, వ్యాను ఎక్కడో బోల్తా పడితే ఎన్ని ఇళ్ల జ్ఞాపకాలు పోతాయో ఆలోచించినవాళ్లే ఇలా చేస్తారు.

డబ్బు విషయానికి వస్తాను, నా అసలు పేచీ ఇక్కడే. కరపత్రం పైభాగం అంతా "కుర్చీకి మీ పేరు" అనే పథకమే. ఇంత ఇస్తే కుర్చీ వెనక మీ పేరున్న ఇత్తడి పలక బిగిస్తారు. జనానికి నచ్చుతుంది, కాదనను, అమ్మానాన్నల పేరు మీద ఒక కుర్చీ అంటే ఎవరికి ఇష్టం ఉండదు? కానీ చాలా దేశాల చట్టాల ప్రకారం ఒక పనికి అని చెప్పి తీసుకున్న విరాళాన్ని ఆ పనికే వాడాలి. కుర్చీల ఖాతాలో డబ్బు మూలుగుతున్నా దాంతో కరెంటు బిల్లు కట్టడానికి వీల్లేదు. చోటు మారేటప్పుడు నిజంగా మెడకి చుట్టుకునే ఖర్చులు ఎవరూ పలక మీద పేరు వేయించుకోనివి: పాత చోటుకీ కొత్త చోటుకీ కలిపి కొన్ని నెలల పాటు రెండు అద్దెలు, కొత్త చోటికి అడ్వాన్సు, పాత హాలుని ఎలా తీసుకున్నారో అలా తిరిగి అప్పగించడానికి మరమ్మతులు, కరెంటు లోడు పెంచుకోవడం, అత్యవసర ద్వారాలు, అగ్నిమాపక పరీక్ష, ఇన్సూరెన్సు, సినిమాలు వేసే లైసెన్సుల్లో చిరునామా మార్పులు. ఉచితంగా వేసే ఆటకైనా హక్కులున్నవాళ్ల అనుమతి కావాల్సిందే, ఆ అనుమతులు చాలావరకు ఒక చోటుకి ముడిపెట్టే ఇస్తారు. ఇవన్నీ అవుతున్న నెలల్లో ఆటలు ఉండవు కాబట్టి టికెట్ల ఆదాయం సున్నా.

చోటు మారడం ఎంత కాలం తీసుకుంటుందో పెద్ద సంస్థల చరిత్ర చూస్తే తెలుస్తుంది. న్యూయార్క్‌లోని ఆంథాలజీ ఫిల్మ్ ఆర్కైవ్స్ 1970లో మొదలైంది, ఒక పాత కోర్టు బిల్డింగ్‌ని 1979లో సంపాదించుకుంది, అందులో తలుపులు తెరిచింది 1988లో. మధ్యలో తొమ్మిదేళ్లు. సినిమాలు భద్రపరిచి చూపించే పారిస్ సినిమాథెక్ 1936లో పుట్టి, 1963లో షాయో ప్యాలెస్‌కి చేరి, ఇప్పుడున్న బెర్సీ బిల్డింగ్‌కి 2005లో వచ్చింది. లండన్‌లో 1925లో మొదలైన ఫిల్మ్ సొసైటీకీ, 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా వాళ్లు కలకత్తాలో పెట్టిన ఫిల్మ్ సొసైటీకీ సినిమాలంటే ప్రేమా, సభ్యుల చందాలే పునాది. నేను గమనించింది ఏంటంటే, ఇలాంటి సంస్థలకి బిల్డింగ్ దొరికిన రోజు ఫొటోలు దిగుతాం, దొరికాక అది నిలబడే దాకా ఉన్న కాలం గురించి ఎవరం మాట్లాడం. ఆ కాలానికి నెలనెలా వచ్చే డబ్బు కావాలి, దేనికైనా వాడుకునే స్వేచ్ఛ ఉన్న డబ్బు కావాలి. చిన్న మొత్తమే అయినా పర్వాలేదు, చంద్రుడికో నూలుపోగు అన్నట్టు ఇవ్వండి. వచ్చే నెల ఎంత వస్తుందో ముందే తెలిస్తే కోశాధికారి అద్దె ఒప్పందం మీద ధైర్యంగా సంతకం పెట్టగలుగుతారు.

ఇదే మాట కమిటీ మీటింగులో అన్నాను. కుర్చీలైతే జనం ఇస్తారు, అద్దెకి ఇవ్వమంటే ఇవ్వరు అన్నారు. నేను ఒప్పుకోను. అడిగే తీరులో అడిగితే ఇస్తారు. "మీ నెల చందాతో రీళ్ల గదిలో దీపం వెలుగుతుంది, పెద్దాయన చేతికి కొత్త తొడుగులు వస్తాయి" అని రాయండి, ఇస్తారో లేదో చూడండి. ఈ విషయంలో వాళ్లకి నేను తక్కువ మార్కులే వేస్తాను.

వస్తువులు ఇచ్చేవాళ్లకి ఒక మాట. ఇంట్లో అడ్డం అనిపించిన పాత పెద్ద టీవీలూ, పని చేయని డీవీడీ ప్లేయర్లూ తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లిపోకండి, వాటిని పారేయడానికి మళ్లీ వాళ్లే డబ్బు కట్టాలి. పని చేస్తున్న వీసీఆర్, మినీ డీవీ క్యామ్‌కార్డర్, దాని ఫైర్‌వైర్ కేబులు, సూపర్ 8 ప్రొజెక్టర్ ఉంటే మాత్రం ఫోన్ చేసి అడగండి, కళ్లకద్దుకుని తీసుకుంటారు. పని విషయంలోనూ అంతే. పెట్టెలు మోయడానికి జనం బాగానే వస్తున్నారు, కొరత ఉన్నది ఎలక్ట్రీషియన్లకి, లెక్కలు రాసేవాళ్లకి, లీజు కాగితాలు చదివి అర్థం చెప్పగల లాయర్లకి, సబ్‌టైటిళ్లు సరిచూసేవాళ్లకి. మీకు అలాంటి పని వస్తే ఒక సాయంత్రం ఇవ్వడం, పది పెట్టెలు మోయడం కంటే ఎక్కువ సాయం.

తప్పులు కూడా చెప్పాలి. అగ్నిమాపక పరీక్ష కాకముందే తిరిగి తెరిచే తేదీ ప్రకటించేశారు, తర్వాత వాయిదా వేశారు, మళ్లీ వాయిదా వేశారు. ఆ కబురు కూడా ఈమెయిల్లోనే పంపారు. ఈమెయిల్ చూడని పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లలో కొందరు మూసి ఉన్న గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లారు. ఒక్క ఫోన్ చెయ్యాల్సింది. డిజిటల్ చేయమని ఇచ్చిన టేపులు ఎక్కడున్నాయో చెప్పమని మా అక్క అడిగితే చాలా రోజుల దాకా జవాబు లేదు. టేపులు భద్రంగానే ఉన్నాయి, నేను కళ్లారా చూశాను, కానీ ఇచ్చినవాళ్ల ప్రాణం కొట్టుకుంటూ ఉంటుంది కదా. తరలింపు మొదలవకముందే ప్రతి కుటుంబానికీ మీ పెట్టె నంబరు ఇది, ఫలానా నెలలో మళ్లీ పని మొదలవుతుంది అని రెండు లైన్లు పంపి ఉంటే సరిపోయేది. ఇప్పుడు పంపుతున్నారు, మంచిదే.

కొత్త హాలు ప్లానులో నాకు అస్సలు నచ్చనిది ఒకటి ఉంది. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకి చోటు మొదటి వరసలో ఒక మూలన పెట్టారు. అక్కడ కూర్చుంటే మెడ పట్టేస్తుంది, బొమ్మ వంకరగా కనపడుతుంది, తోడు వచ్చినవాళ్లు వేరే వరసలో కూర్చోవాలి. మధ్య వరసల్లో రెండు మూడు కుర్చీలు తీసేయగలిగేలా బిగిస్తే చాలు, ఇంకా బిగించలేదు కాబట్టి ఇప్పుడే మార్చడం తేలిక. వినికిడి యంత్రాలు వాడేవాళ్ల కోసం నేలలో లూప్ వైరు వేస్తున్నారు, ఇది చాలా మంచి పని, స్పీకర్ శబ్దం హాల్లో తిరగకుండా నేరుగా వాళ్ల చెవి మెషిన్‌లోకే వెళ్తుంది. ఫ్లోరింగ్ అయ్యాక వెయ్యాలంటే నేల పగలగొట్టాలి కాబట్టి ముందే వేస్తున్నారు. లూప్ గురించి ఇంత ముందుచూపు ఉన్నవాళ్లు చక్రాల కుర్చీల గురించి కూడా ఆలోచిస్తారనే నమ్మకం నాకుంది. వీలైతే మీరు కూడా అడగండి, నలుగురు అడిగితే కదులుతుంది.

చందా ఇచ్చే ముందు ఏం కనుక్కోవాలి అని నన్ను అడిగినవాళ్లకి నేను చెప్పినవే ఇక్కడా చెప్తాను. కొత్త లీజు ఎన్నేళ్లు, మధ్యలో ఓనర్ ఖాళీ చేయించే వీలుందా, పైకప్పు కారితే బాగుచేసే ఖర్చు ఎవరిది. ఆటలు ఆగిపోతే ఎన్ని నెలలు నెట్టుకురాగల నిల్వ ఉంది. కిందటేడాది లెక్కలు చూపిస్తారా. ఈ ట్రస్టు వీటన్నిటికీ నోరు విప్పి చెప్పింది, లెక్కల కాగితాలు బల్ల మీద పెట్టింది. లీజు గడువు నేను కోరుకున్నంత పొడుగు లేదు, అది నిజంగా ఆలోచించాల్సిన విషయమే, గోడలకి పెట్టే ఖర్చంతా ఓనర్‌కి వదిలేసి పోవాల్సి రావచ్చు. అందుకే శబ్దం పలకల్ని గోడకి అతికించకుండా విప్పుకుని తీసుకుపోగలిగే చట్రాల మీద బిగిస్తున్నారట. తెలివైన పని.

మొత్తం మీద ఐదుకి నాలుగు ఇస్తాను. పోయిన ఒకటిలో సగం కబురు సరిగ్గా పెట్టనందుకు, సగం ఆ కుర్చీల పథకానికి. రీళ్ల గదికి వేరే ఐదు.

చందా కట్టేవాళ్లు ఫారం రెండో పేజీ దాకా వెళ్లండి. "ఏ పనికి వాడాలి" అని అడిగే చోట మొదటి గడి కుర్చీలది, రెండోది ప్రొజెక్టర్‌ది, చివర్న "ట్రస్టు అవసరాన్ని బట్టి" అని ఇంకో గడి ఉంది. చివరిది టిక్కు పెట్టి, పక్కనే ఉన్న నెలవారీ గడి కూడా టిక్కు పెట్టండి. ఈ రెండూ పెట్టకపోతే మీ డబ్బు దానంతట అదే కుర్చీల ఖాతాలోకి వెళ్లిపోతుంది.